మూడో గడిలో కే

ఆ ఫోను ఒక్క నిమిషం పక్కన పెట్టి నాకో చిన్న పని చేసిపెట్టండి. కే అక్షరంతో మొదలయ్యే ఇంగ్లీషు మాటలు నాలుగు చెప్పండి. కింగ్, కైట్, కిచెన్, కీ... అడగ్గానే బిలబిలమంటూ వచ్చేశాయి కదా! ఇప్పుడు మూడో అక్షరం కే అయిన మాటలు చెప్పండి. ఏం, ఆగిపోయారేం? పొద్దున లేచింది మొదలు వాడుతూనే ఉన్నారు కదండీ: బైక్, కేక్, లైక్, టేక్, జోక్!

మీరేం చిన్నబుచ్చుకోకండి. ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో అచ్చువేసిన వ్యాసంలో ఈ తమాషాయే ఉంది. కే, ఎల్, ఎన్, ఆర్, వీ అనే అయిదు అక్షరాలు తీసుకుని, ఇవి మాట మొదట్లో ఎక్కువ వస్తాయా, మూడో చోట ఎక్కువ వస్తాయా అని 152 మందిని అడిగారు. చాలామంది మొదట్లోనే అన్నారు. నిజానికి అయిదుకు అయిదూ మూడో చోటే ఎక్కువ. చటుక్కున గుర్తొచ్చిందే లోకంలో ఎక్కువ ఉందనుకోవడం మన బుద్ధి. కానెమన్‌కి 2002లో నోబెల్ కూడా వచ్చింది. ఒక్క ఈ కే గొడవకే కాదులెండి.

‘ఇన్ని అక్షరాల మాట, ఫలానా చోట ఫలానా అక్షరం’ అని అడిగే ఆటలన్నీ మన ఈ బలహీనత మీదే బతుకుతున్నాయి. వర్డిల్ సంగతే చూడండి. అయిదక్షరాల మాటను ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి. అక్షరం సరైన చోట పడితే ఆకుపచ్చ, మాటలో ఉన్నా చోటు తప్పితే పసుపు, అసలు లేకపోతే బూడిద రంగు. జోష్ వార్డిల్ అనే ప్రోగ్రామర్ తన సహచరి పలక్ షా కోసం చేసిన ఆట ఇది. 2021 నవంబర్ 1న ఆడినవాళ్లు 90 మంది. జనవరి మొదటి వారానికే మూడు లక్షలు దాటారు. ఆ నెలాఖరుకు న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. ఇందులో అసలు ఘనత పలక్ షాదే అంటాను నేను. సుమారు 12,000 అయిదక్షరాల మాటలుంటే, ఆవిడ కూర్చుని తనకు తెలిసినవి ఏరితే 2,500 దాకా తేలాయట. తెలిసిన మాట చేతిలో ఓడితే రేపు మళ్లీ వస్తాం. ముక్కూమొహం తెలియని మాట చేతిలో ఓడితే ఆట కట్టిపెట్టేస్తాం.

తెలిసిన మాటలైనా తక్కువ తిప్పలు పెట్టవు. చివరి నాలుగూ ఐ, జీ, హెచ్, టీ అని తేలిపోయిందనుకోండి. పండగ చేసుకుంటాం. కానీ ముందున్న ఆ ఒక్క గడిలో ఎవరు? లైట్, నైట్, రైట్, ఫైట్, మైట్, టైట్, చూపు అనే సైట్, ఎనిమిది అనే ఎయిట్. ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోతే ప్రయత్నాలు అయిపోతాయి. అలాంటప్పుడు జవాబు కాదని తెలిసీ ‘ఫిల్మ్స్’ అని కొట్టాలి. ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగూ అందులోనే ఉన్నాయి. ఏది రంగు తిరిగితే అదే దొంగ. ఏదీ తిరగలేదా, తరవాతిది ‘ఇనర్ట్’. ఎన్ వెలిగితే నైట్, ఆర్ వెలిగితే రైట్, ఈ వెలిగితే ఎయిట్, మూడూ వెలగకపోతే టైట్. మూడు ప్రయత్నాలు మిగిలుంటే చాలు, ఎనిమిదింట్లో ఏదైనా చిక్కాల్సిందే. హార్డ్ మోడ్ పెట్టుకున్నవాళ్లకు మాత్రం ఈ దారి లేదు. దొరికిన అక్షరాల్ని ప్రతిసారీ వాడి తీరాలి మరి. కోరి తెచ్చుకున్న కష్టానికి మనమేం చేస్తాం?

ఇక్కడ పనికొచ్చింది ఇంగ్లీషు పాండిత్యం కాదు చూశారా, అక్షరాల నడవడి. స్క్రాబుల్‌కు ఆద్యుడు ఆల్ఫ్రెడ్ బట్స్ కూడా అక్కడే మొదలుపెట్టాడు. ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం ఊడిన ఆర్కిటెక్టు, పత్రికలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టాడు. అందుకే ఆ ఆటలో ‘ఈ’ అక్షరం బిళ్లలు 12, ఒక్కోటి ఒక పాయింటు. క్యూ ఒక్కటే, అది పది. ఎస్ తగిలించి అందరూ బహువచనాలు చేసేస్తారని దాన్ని నాలుగుతో సరిపెట్టాడు. గడుసువాడు!

ఇక న్యూజిలాండ్ నైజెల్ రిచర్డ్స్ ఉన్నాడు. ఫ్రెంచిలో మాట్లాడలేడు. అయినా ఫ్రెంచి మాటల పట్టీ బట్టీపట్టి 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచేశాడు. అది చాలదన్నట్టు 2024లో స్పానిష్‌లోనూ కొట్టాడు. అర్థం తెలియని మాటలతో అర్థం తెలిసినవాళ్లను ఓడించడం అన్యాయం అనిపిస్తుంది గానీ, అతనికి మాట అంటే అక్షరాల వరస, అంతే.

మన గడినుడి తీరు వేరు. స్ట్రీట్ అన్న మాటకు ఇంగ్లీషులో ఆరు గడులు కావాలి. మనం గుణింతాలూ ఒత్తులూ మూటగట్టి రెండింట్లో సర్దేస్తాం. అందుకే మన దగ్గర అడ్డానికీ నిలువుకూ అక్షరం కలపడం కూర్పరికి ప్రాణసంకటం. ఆ కష్టానికి మనం దణ్ణం పెట్టాలి.

కంప్యూటర్‌కు ఈ తంటాలేవీ లేవు. అక్షరాల సంఖ్య, తెలిసిన చోట్లు చెప్పి, తెలియని చోట చుక్క పెడితే పట్టీ అంతా జల్లించి రెప్పపాటులో ముందు పెడుతుంది. గడినుడి కూర్చేవాళ్లు వాడుకుంటే నేనేమీ అనను, అది వాళ్ల పనిముట్టు. పూరించేవాళ్లు వాడితే మాత్రం ఇక ఆడటం ఎందుకు?

కాబట్టి ఫోను అలాగే పక్కనుంచి ఇది తేల్చండి. పదకొండు అక్షరాల ఇంగ్లీషు మాట. మధ్యలో ఎక్స్, వై, జెడ్ అదే వరసలో పక్కపక్కనే ఉంటాయి. ఒళ్లంతా దురదలని వెళితే డాక్టరు రాసే మాత్ర పేరు. అంతకీ తట్టకపోతే మీ వీధి చివర మందుల షాపాయన్ను అడగండి, అది దొంగతనం కిందికి రాదు.