మాత్ర మింగితే మాతృత్వం పోదు!

మన సినిమాల్లో ఒక్క వానపాట చాలు. తర్వాతి సీన్లో హీరోయిన్ వాంతి చేసుకుంటుంది. డాక్టరమ్మ నాడి చూసి "నువ్వు తల్లివి కాబోతున్నావమ్మా" అంటుంది. పాటకీ వాంతికీ మధ్య ఆ అమ్మాయి ఏం జాగ్రత్త పడొచ్చో చెప్పిన సినిమా నేనైతే చూళ్లేదు!

మా పిన్ని కూతురికి పాప పుట్టి ఏడాదైంది. బి.ఎడ్.లో సీటొచ్చింది. రెండేళ్లు ఆగి రెండో కాన్పు చూసుకుందామని దాని ఆలోచన. "గర్భనిరోధక మాత్రలు వాడనా అక్కా?" అని నన్నడిగింది. పక్కనున్న అత్తగారు వెంటనే, "అవి మింగితే మళ్లీ కడుపు పండదు. రెండోదాన్నీ కనేసి ఆపరేషన్ చేయించుకో, పీడా పోతుంది" అన్నారు.

తమాషా ఏమిటంటే, తిరుపతి ప్రయాణం ముందు కోడలిచేత బహిష్టు వాయిదా మాత్రలు మింగించింది ఆవిడే! అవీ హార్మోను మాత్రలే. (గర్భం రాకుండా వాటిని నమ్ముకోకూడదు సుమండీ!) దేవుడి దగ్గరికెళ్లడానికి లేని భయం, కాలేజీకెళ్లడానికి ఎందుకో?

ఇద్దర్నీ లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ ముందు బి.పి. చూశారు. బి.పి. ఉన్నవాళ్లు, రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్లు, ఆరు నెలల్లోపు బిడ్డకి పాలిచ్చేవాళ్లు ఈ మాత్రలు వాడకూడదట. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ ప్యాకెట్లో 28 మాత్రలుంటాయి. 21 హార్మోనువి, 7 ఐరనువి. రోజుకొకటి. అండం విడుదల కాకుండా ఆపడమే వీటి పని. ఒకరోజు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. మొదట్లో కాస్త వికారం, తలనొప్పి ఉండొచ్చు. సుఖరోగాల్ని మాత్రం ఇవి ఆపలేవు, దానికి నిరోధే గతి.

హార్మోన్లు పడనివాళ్లకి 'ఛాయ' ఉంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టిన మాత్ర అది. మొదటి మూణ్ణెల్లు వారానికి రెండు, ఆ తర్వాత వారానికొకటి.

"మానేస్తే మళ్లీ పిల్లలు పుడతారా?" అత్తగారి అసలు ప్రశ్న అదీ. "పుడతారు. చాలామందికి కొద్ది నెలల్లోనే" అన్నారు డాక్టరు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రాలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ఇక చాలనుకున్నవాళ్లకి అది మంచిదే. ఇప్పుడే వద్దనుకున్నవాళ్ల మాటేమిటి? ఆపరేషనంటే తలుపుకి తాళంవేసి చెవి బావిలో పారేయడం. మాత్రంటే గొళ్లెం. ఎప్పుడు తీయాలో లోపలున్న మనిషి ఇష్టం.

అదండీ తేడా!