వాలుగ దవడ, పొందూరు దారము

మా భావనపాడులో చేతిపని అంటే ముందుగా గుర్తుకొచ్చేది వల. పడవ నీడను కూర్చొని తెగిన కళ్ళు కట్టుకొనే సహోదరులను ఇక్కడ రోజూ చూస్తాము. అయితే మన శ్రీకాకుళం జిల్లాలోనే దారంతో దేశమంతటా పేరు పొందిన ఊరు మరొకటున్నది. అది పొందూరు. మా సంఘపు స్త్రీల సమాజము నుండి పదిమందిమి ఒక దినము అక్కడికి వెళ్ళి వచ్చాము.

నౌపడా చేరేవరకు ఉప్పు మడులు చూసుకుంటూ వెళ్ళి, అక్కడ రైలెక్కాము. ఆమదాలవలస దాటాక దూసి, ఆ తరువాత పొందూరు. 1949లో ఏర్పడిన ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము ఇక్కడే ఉన్నది. స్వాతంత్ర్యోద్యమ కాలంలో గాంధీగారు ఈ ఖద్దరు సన్నదనానికి ముచ్చటపడి, తన కుమారుడు దేవదాసును చూచి రమ్మని పంపారు.

దారం వడికే ఒక పెద్దామె మేము తీరంనుంచి వచ్చామని విని, చేతిలోని ఎముక పైకెత్తి, "సేపలోరు గదా, ఇది ఏ సేప దవడో సెప్పండి సూద్దాం" అన్నది. మాలో ఒకామె పళ్ళ వరుస చూసి, "వాలుగ! మా సముద్రం సేప కాదమ్మా, మంచినీళ్ళ సేప" అనగానే అందరమూ నవ్వుకున్నాము.

ఆ దవడకున్న సన్నని పళ్ళే ఇక్కడ దువ్వెన. గింజతో ఉన్న పత్తిని దానితో దువ్వితే నలుసులు రాలి పోగులు సాపు అవుతాయి. తరువాత చెక్కమీద ఇనుప కడ్డీతో గింజ తీసి, విల్లుతో ఏకి, ఏకులు చేస్తారు. ఏకు నలగకుండ ఎండిన అరటి దొప్పలో పట్టుకొని రాట్నంమీద వడుకుతారు. ఆ దారమే మగ్గమెక్కి, వేసవిలో చల్లగా ఉండే పంచెగా, చీరగా మారుతుంది.

"మీ అమ్మాయిలు నేర్చుకున్నారా?" అని అడిగాము. "ఎందుకమ్మా? రోజంతా కూకుంటే వచ్చే కూలి దేనికి సాల్తాది?" అన్నది ఆమె. ఆ మాట మమ్మును వదలలేదు.

మన క్రైస్తవులకు ఇది కొత్త సంగతి కాదు. గోదావరి తీరంలో నరసాపురం ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారానే వచ్చింది. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు కూడ లభించింది. కాని 1982లో మరియా మీస్ అనే పరిశోధకురాలు ఆ స్త్రీలను గురించి రాసిన పుస్తకంలో ఒక చేదు నిజం బయటపెట్టారు. ఇంటిలో కూర్చొని అల్లుతున్నారు గనుక అది తీరికవేళ పని అనుకున్నారు. పనికి తగిన కూలి మాత్రం వారికి ముట్టలేదు.

దేవుని వాక్యము ఈ పనిని తీరికవేళ పనిగా చూడదు. నిర్గమకాండము 35వ అధ్యాయములో ప్రత్యక్ష గుడారమునకు నూలు వడికిన స్త్రీలు, బుట్టాపని తెలిసిన అహోలీయాబు ఒకే చోట కనబడతారు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములోని దొర్కా మనవలె సముద్రతీరపు ఊరివారే. ఆమె చనిపోయినప్పుడు యొప్పేలోని విధవరాండ్రు పేతురుకు చూపించినది ఆమె కుట్టిన బట్టలనే. ఆమె ఎవరి కొరకు బ్రదికినదో ఆ కుట్లే చెప్పాయి.

ప్రియ సహోదరీ సహోదరులారా, క్రిస్మసుకు బట్టలు కొనేటప్పుడు ఇంటికొకటైనా చేనూలు బట్ట తీసుకుందాము. ఖాదీ మార్కు చూచి కొందాము, వడికిన చేతి దగ్గర బేరమాడకుండ ఉందాము. మన సంఘాలలో కుట్టు, అల్లిక నేర్పేటప్పుడు దానితోపాటు లెక్క కూడ నేర్పుదాము: ఎన్ని గంటలు పట్టింది, దారానికెంత అయింది, ఎంతకు అమ్మాలి అని. పనివాడు తన జీతమునకు పాత్రుడని నమ్మే మనము, పనిచేసే స్త్రీకి ఆ మాట వర్తించదని ఎలా అనగలము?