మేము ముందే చెప్పవలసిన మాట

మేమిద్దరం తోడికోడళ్ళం. తునిలోని మా ఇంటి వసారాలో జుహ్ర్ నమాజు ముగిశాక సూది, దారం పట్టుకుని కూర్చోవడం మాకు ఏనాటి నుంచో అలవాటు. ఆడపడుచు తల్లి కాబోతున్నదన్న శుభవార్త తెలిసినప్పుడు, ఇంటర్ పరీక్షలు ముగించిన మా పెద్దమ్మాయి మేనత్తకు కానుకగా ఒక జపాను బొమ్మను క్రాస్ కుట్టుతో కుడతానన్నది. మేము సంతోషించాము.

అది కొంగ బొమ్మ. తెల్లని ఒళ్ళు, నల్లని మెడ, నడినెత్తిన ఎర్రని మచ్చ. జపానీయులు ఈ పక్షిని దీర్ఘాయువుకు చిహ్నంగా భావిస్తారు. అది వెయ్యేళ్ళు బ్రతుకుతుందని అక్కడొక నానుడి. పెళ్ళికూతురి దుస్తుల మీద కూడా దీనిని కుడతారు. మ్యాటీ గుడ్డ మీద అంగుళానికి 14 గళ్ళు. ఒక్కొక్క గడిలో రెండు ఏటవాలు కుట్లు ఒకదాని మీదుగా ఒకటి సాగాలి. 140 గళ్ళ వెడల్పు, 168 గళ్ళ ఎత్తు లెక్కించి కుడితే తయారయ్యేది 10 అంగుళాలకు 12 అంగుళాల బొమ్మ. ఒక్క గడి తప్పినా విప్పి మళ్ళీ కుట్టవలసిందే. అమ్మాయి మూడు నెలలు శ్రమించింది.

ఆ మూడు నెలలూ మేము మెచ్చుకుంటూనే ఉన్నాము. ప్రాణుల బొమ్మలను గోడలకు అలంకరించడం గురించి ఇస్లాం ఏమి బోధిస్తున్నదో మాకు తెలియక కాదు. పిల్ల మనసు నొచ్చుకుంటుందని ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఊరకున్నాము.

ఏడవ నెలలో ఆడపడుచు పుట్టింటికి వచ్చింది. ఆ సాయంత్రం అమ్మాయి బొమ్మకు చట్రం కట్టించి, మేనత్త మంచానికెదురుగా తగిలించబోయింది. అత్తమ్మ దగ్గరకు పిలిచి, ఆ కుట్టును వేళ్ళతో తడిమి, ఎంతో మెచ్చుకున్నారు. తరువాత హజ్రత్ ఆయిషా (రజి) గారి తెర వృత్తాంతం చెప్పారు. దైవప్రవక్త (స) ప్రయాణం నుంచి తిరిగి వచ్చి, ఇంట్లో బొమ్మలున్న తెరను చూసి అయిష్టపడ్డారు. ఆయిషా (రజి) ఆ గుడ్డను పారవేయలేదు, దానితో దిండ్లు కుట్టారు. “ఆయుష్షు ఇచ్చేవాడు అల్లాహ్ ఒక్కడే తల్లీ, కొంగ కాదు” అన్నారు అత్తమ్మ.

అమ్మాయి ఆమెతో వాదించలేదు. మా వైపు తిరిగి, “మొదటి రోజే ఎందుకు చెప్పలేదమ్మా?” అని అడిగి ఏడ్చింది. మా దగ్గర సమాధానం లేదు. ఆమె మూడు నెలల శ్రమకు నొప్పి కలిగించింది ధర్మం కాదు, మా మౌనం. క్షమించమని బిడ్డను అడిగాము.

గౌరవంగా గోడకు తగిలించే బొమ్మ వేరు, కూర్చునే దిండు మీది బొమ్మ వేరు అని పలువురు ధర్మవేత్తలు వివరించారు. మరునాడు అమ్మాయే చట్రం విప్పి, ఆ గుడ్డను వసారాలోని దిండుకు గలేబుగా కుట్టింది.

బొమ్మలు గీయడమే జీవనోపాధిగా ఉన్న ఒక వ్యక్తికి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెట్లను, ప్రాణం లేని వస్తువులను గీయమని సలహా ఇచ్చారని అత్తమ్మ గుర్తు చేశారు. దాంతో అమ్మాయి మళ్ళీ జపాను కుట్టుపనినే వెతికింది. ఎడో కాలంలో (1603–1868) ఉత్తరాన త్సుగరు ప్రాంతపు రైతులు నూలు బట్టలు ధరించరాదన్న కట్టడి ఉండేదట. చలికి జనపనార బట్ట చాలక, అక్కడి స్త్రీలు దాని పోగులు లెక్కపెట్టి, తెల్లని నూలు దారంతో దట్టంగా కుట్టేవారు. అదే ‘కొగిన్’. పాత చీరలతో బొంతలు కుట్టుకునే మనకు ఆ అవసరం కొత్తది కాదు.

ఆమె చివరికి ‘అసనొహ’ అనే నమూనా ఎంచుకున్నది. జనపాకును పోలిన ఆరు కొనల నక్షత్రాలు, మన మసీదుల జాలీ కిటికీలను తలపించే గీతలు. జనపమొక్కలా బిడ్డ నిటారుగా, త్వరగా ఎదగాలని జపానులో పసివాళ్ళ బట్టల మీద దీనిని వేసేవారు. ఆ గీతలను మాత్రమే మేము తీసుకున్నాము. బిడ్డ ఎదుగుదల కోసం మేము చేతులెత్తి వేడుకున్నది అల్లాహ్‌నే.

అత్తమ్మ పాత చీరల బొంతకు నాలుగు వైపులా నీలిరంగు అంచు కుట్టాలని సంకల్పం. ఈసారి మేమిద్దరం కూడా సూది పట్టాము. మూడు వైపులు పూర్తయ్యేసరికి బిడ్డ పుట్టింది, అల్‌హందులిల్లాహ్. నాలుగో వైపు ఇంకా మిగిలే ఉన్నది. పాప నిద్రపోయాక, బొంతను మెల్లగా ఇటు లాక్కుని కుడుతున్నాము.