వెండి సామానుకో బుల్లి కొలిమి

ఏమండోయ్, శ్రావణం వచ్చేస్తోంది! వెండి సామాను బయటికి తీశారా? తీయలేదూ? నాకు తెలుసు. పౌర్ణమి ముందొచ్చే శుక్రవారమే వరలక్ష్మీ వ్రతం, మీరేమో ఇంకా బీరువా తలుపే తెరవలేదు. అడుగున మూటకట్టి పెట్టిన కుందులు, కుంకుమ భరిణె, ఉగ్గుగిన్నె ఒకసారి చూడండి. వెండని చెబితే తప్ప తెలీదు.

వెండికి గంధకమంటే వల్లమాలిన ఇష్టం. గాలిలో పిసరంత ఉన్నా పట్టేసుకుంటుంది. ఆ నలుపంతా అదే, సిల్వర్ సల్ఫైడ్. భిలాయిలో ఉంటూ వెండి నల్లబడిందని గోల పెడితే ఎలాగండీ? బొగ్గును కోక్‌గా మార్చే ఉక్కు ప్లాంటు బట్టీలు ఊళ్లోనే ఉన్నాయాయె! ఉల్లిపాయలకూ కోడిగుడ్లకూ కూడా ఇందులో వాటా ఉంది. కొందరు చెంచాలకి రబ్బరు బ్యాండు చుట్టి మరీ దాస్తారు. రబ్బరులోనూ గంధకమే తల్లీ, తీసేయండి!

ఇక తోమడం. సెక్టార్ 5 బాలాజీ గుడి దగ్గర నలుగురు ఆడవాళ్లు కలిస్తే నాలుగు పద్ధతులు. విభూతి అంటారొకరు, కుంకుడు రసం అంటారొకరు, తెల్ల పళ్లపొడిని మించింది లేదంటారు ఇంకొకరు. చింతపండు మాత్రం ఇత్తడికీ రాగికీ అట్టేపెట్టండి. దాని పులుపుకి రాగి చిలుము కరుగుతుంది గానీ, వెండి నలుపు కరగదు. నాకు విభూతంటే ప్రాణం. వేలితో అద్ది రుద్దుతుంటే నలుపు కిందనుంచి తెల్లగా తొంగిచూస్తుంది చూడండీ, అబ్బ! ఆ సరదా కోసం సీరియల్ కూడా వదిలేస్తాను. కాకపోతే రుద్దినప్పుడల్లా ఆ నలుపులో కలిసిన వెండి కూడా కాస్త గుడ్డకి అంటుకుపోతుంది.

అందుకే ఇది వినండి. పెద్ద పింగాణీ గిన్నెలో చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు పరచండి. దాని మీద వెండి పెట్టండి. రేకుకి తగలాలి సుమా, ఎడంగా ఉంటే పని జరగదు. రెండు మూడు చెంచాల వంటసోడా చల్లి, మరిగే నీళ్లు మునిగేదాకా పోయండి. బుడబుడమని బుడగలు. కాస్త మురిగిన గుడ్డు వాసన. మొహం చిట్లించకండి! గంధకం వెండిని వదిలి అల్యూమినియం వైపు పోతోందన్నమాట. నలుపులో చిక్కుకున్న వెండి మళ్లీ వెండవుతోంది.

ఇదెక్కడో చూసినట్టు లేదూ? 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌గారు ప్రారంభించిన మన ప్లాంటు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ పనీ ఇదే కదండీ! దల్లీ రాజహరా గనుల ఎర్రరాయిలో ఇనుమూ ఆక్సిజనూ పెనవేసుకుని ఉంటాయి. కోక్ పుట్టించే వాయువు ఆక్సిజన్‌ని లాక్కుపోతే ఇనుము మిగులుతుంది. అక్కడ ఆక్సిజన్, ఇక్కడ గంధకం, అంతే తేడా. రష్యావాళ్లూ మనవాళ్లూ కలిసి కట్టిన ఆ మహా కొలిమికి నా పింగాణీ గిన్నె చిట్టి చెల్లెలు. మా ఆయన డ్యూటీ ప్లాంటులో, నా డ్యూటీ వంటింట్లో!

రాళ్లు పొదిగినవి మాత్రం ఇందులో వేయకండేం. చెక్కడం ఎత్తి కనబడాలని కావాలనే నలుపు పెట్టిన నగలూ వద్దు, ఆ అందమంతా పోతుంది. కళ్లకీ బొట్టుకీ రంగేసిన అమ్మవారి ముఖానికి కుంకుడు రసమే మేలు, నెమ్మదిగా, చేత్తోనే. కడిగాక తడి లేకుండా పాత పంచె ముక్కతో ఒత్తి తుడవండి. ఉగ్గుగిన్నెని మళ్లీ బీరువాలోకి తోసేయకండి, మనవరాలికి అందులోనే పాలు పట్టండి. రోజూ కడిగే వెండికి నల్లబడే తీరికేదీ?

ఇంతకీ ఇంట్లో రేకు ఉందా? లేకపోతే చెయ్యి ఇటు చాపండి, ఓ మూర చింపిస్తాను.