కంప్యూటరులో కట్టిన ఇల్లు

పిల్లలూ! మీరంతా ఇసుకలో పిచ్చుకగూళ్ళు కట్టే ఉంటారు. ఇసుకలో పాదం దూర్చి, పైన తడి ఇసుక మెత్తి, మెల్లగా పాదం లాగేస్తే గూడు నిలుస్తుంది. కూలిపోతే మళ్ళీ కట్టవచ్చు. నేను పెద్దవాణ్ణయిన తరవాత కూడా ఒక గూడు కట్టాను. పదిసార్లు కూల్చి, పదిసార్లు కట్టాను. అయితే ఇసుకతో కాదు, కంప్యూటరులో! అందులో నేను పడిన తిప్పలూ, వాటిలోనుంచి బయటపడిన విధమూ మీకు చెబుతాను.

మాది నరసరావుపేట. మా పాత పెంకుటిల్లు ఉన్న స్థలం 3 సెంట్లు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. మా స్థలం వెడల్పు 27 అడుగులు, పొడుగు 48 అడుగుల 5 అంగుళాలు. గుణించి చూడండి, లెక్క ఇంచుమించు సరిపోతుంది.

ఆ ఇల్లు తీసేసి కొత్తది కట్టాలనుకున్నాం. కారణం మా నాయనమ్మ. ఆమె జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నది. అప్పటినుంచీ చక్రాల కుర్చీలోనే తిరుగుతున్నది. పాత ఇంట్లో గడపలు ఎత్తు; స్నానాలగది పెరట్లో ఉన్నది. ప్రతిసారీ ఎవరో ఒకరు ఆమెను ఎత్తి దించాలి.

"నాకు మేడలూ మిద్దెలూ వద్దురా, అబ్బాయి! ఎవర్నీ పిలవకుండా స్నానాలగదికి పోయి రాగలిగితే చాలు," అన్నది నాయనమ్మ.

"ఓస్, అంతేగదా!" అనుకుని నేను కంప్యూటరు ముందు కూచున్నాను.

కంప్యూటరు చేత బొమ్మ గీయించే విద్య ఈనాటిది కాదు. 1963లో అమెరికాలో ఎం.ఐ.టి. అనే విద్యాలయంలో ఐవాన్ సదర్లాండ్ అనే విద్యార్థి "స్కెచ్‌పాడ్" అనే ప్రోగ్రాము తయారుచేశాడు. కాంతికలంతో తెర మీద తాకితే గీత పడేది. ఆ కంప్యూటరు ఒక గది నిండా ఉండేది! ఇప్పుడు ఇళ్ళలో ఉండే కంప్యూటరే ఆ పనంతా చేస్తుంది. స్వీట్ హోమ్ త్రీడీ వంటి ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి. ఒక పక్క గోడలు గీస్తూ ఉంటే, రెండో పక్క ఇల్లు లేచి నిలబడి కనిపిస్తుంది.

మొదటి గదికి వెడల్పు 12 అని కొట్టాను. గోడలు లేచినై. లోపల నాయనమ్మ మంచం పెట్టి చూద్దును గదా, మైదానంలో అగ్గిపెట్టె పడేసినట్టున్నది! సంగతేమంటే, నేను 12 అడుగులనుకున్నాను. కంప్యూటరు 12 మీటర్లనుకున్నది. అంటే 39 అడుగులు పైన! మా స్థలమే 27 అడుగులాయె. కొలతలు అడుగులూ అంగుళాలకు మార్చగానే గది దారికి వచ్చింది.

ఇది చూసి నవ్వకండి. మహామహులు కూడా ఇట్లాంటి పొరపాటు చేశారు. 1998లో అమెరికావారు అంగారక గ్రహానికి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌకను పంపారు. దాన్ని నడిపే లెక్కల్లో ఒక జట్టువారు పౌనుల కొలత వాడితే, మరో జట్టువారు దాన్ని మెట్రిక్ కొలతే అనుకున్నారు. 1999 సెప్టెంబరులో ఆ నౌక అంగారకుడికి మరీ దగ్గరగా పోయి నాశనమయింది.

రెండో చిక్కు ఏమంటే, ఒక గదికి ఎంత చెప్పినా నేల పరుచుకోలేదు. చూడబోతే నాలుగు గోడలూ ఉన్నై. బొమ్మను బాగా పెద్దది చేసి మూలమూలా వెతకగా, ఒకచోట రెండు గోడల మధ్య అంగుళం సందు కనిపించింది. చేను గట్టుకు గండి ఉంటే సాగరు కాలువ నీళ్ళు నిలుస్తాయా? ఇదీ అంతే. సందు ఉన్నంతవరకూ కంప్యూటరు లెక్కలో అది గదే కాదు. గోడల కొసలు కలిపేసరికి నేల పరుచుకున్నది.

మూడోది గోడల మందం. రెండు పక్కలా చోటు వదలగా ఇంటికి 22 అడుగుల వెడల్పు మిగిలింది. చెరి పదకొండు అడుగుల చొప్పున రెండు గదులు వస్తాయనుకున్నాను. కాని గోడలు మూడు, ఒక్కొక్కటి 9 అంగుళాలు. మూడు తొమ్ముదులు ఇరవై ఏడు అంగుళాలు, అంటే 2 అడుగుల 3 అంగుళాలు గోడలకే పోయింది! గదులకు మిగిలింది 19 అడుగుల 9 అంగుళాలే.

ఒకసారి మాత్రం కంప్యూటరే నాకు బుద్ధి చెప్పింది. ఇల్లు ఏ ఊళ్ళో ఉన్నదో, ఉత్తరం ఎటో చెబితే, ఏ నెలలో ఏ వేళ ఎండ ఎటు పడేదీ అది చూపించగలదు. నరసరావుపేట ఉత్తర అక్షాంశం 16.2 డిగ్రీలని చెప్పి, జూన్ నెల సాయంత్రం బొమ్మ అడిగాను. ఉత్తరపు కిటికీలోనుంచి ఎండ లోపలికి వచ్చింది! "ఉత్తరాన ఎండేమిటి? ఇది తప్పు," అనుకున్నాను. కాని తప్పు నాదే. మే నెల మొదటివారంలో మన ఊళ్ళో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఆ తరవాత సుమారు మూడు నెలలు ఉత్తరానికి ఒరిగి నడుస్తాడు. అందుచేత పొద్దుటిపూటా, సాయంత్రమూ ఉత్తరపు గోడమీద ఏటవాలుగా ఎండ పడుతుంది. ఆ కిటికీకి కూడా నీడ ఏర్పాటు చేశాను.

ఇక అసలు సంగతి స్నానాలగది. దానికి రెండున్నర అడుగుల తలుపు పెట్టాను. నాయనమ్మ కుర్చీ కొలిస్తే వెడల్పు 26 అంగుళాలు. అంతే పెట్టె ఒకటి గీసి, మౌసుతో తోశాను. తలుపులోనుంచి దూరి లోపలికి పోయింది. ఎంతో సంతోషించి, తాపీ మేస్త్రికి చూపించాను.

మేస్త్రి చూసి, "ద్వారబంధం ఏది, బాబూ? కర్ర రెండు పక్కలా రెండున్నర అంగుళాల చొప్పున తినదూ?" అన్నాడు.

ముప్ఫైలో ఐదు పోతే 25. కుర్చీ 26! మరి కంప్యూటరులో ఎట్లా దూరింది? పెట్టెను గోడకేసి తోసి చూశాను. అది దయ్యంలాగా గోడలోనుంచి కూడా దూరిపోయింది! అడ్డం తగులుతుందని ఆ బొమ్మ చెప్పదు. మనమే కొలిచి చూసుకోవాలి.

తలుపు మూడడుగులు చేశాను. ఐదు పోను 31 అంగుళాలు. ఇంకా ఐదంగుళాలు మిగులుతాయిగదా అని నాయనమ్మకు చూపించాను. ఆమె కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "మరి నా చేతులెక్కడ పెట్టావురా?" అన్నది.

నాకు నోట మాట రాలేదు. చక్రాలు తిప్పుకునేది ఆమె చేతులతోనే గదా! కుర్చీని కొలిచానుగాని, అందులో కూచున్న మనిషిని కొలవలేదు.

వెంటనే అమ్మ ముగ్గుపిండి తెచ్చింది. వసారాలో నాపరాళ్ళ మీద స్నానాలగదిని ఉన్నంత కొలతలో గీశాం. నాయనమ్మ కుర్చీ నడుపుకుంటూ అందులోకి పోయింది. తలుపు దగ్గర మోచెయ్యి గీత దాటింది. లోపల నాలుగడుగుల వెడల్పే ఉండటంచేత కుర్చీ తిరగలేదు. మనిషి చక్రాల కుర్చీని ఒక చుట్టు తిప్పుకోవాలంటే సుమారు ఐదడుగుల వృత్తం కావాలి. తలుపు లోపలికి తెరుచుకుంటే ఆ చోటు కూడా పోతుంది.

అప్పుడు తలుపు మూడున్నర అడుగులు చేసి, బయటికి తెరుచుకునేటట్టు మార్చాను. గడప తీసేశాను. నా పుస్తకాల అలమారుకని ఉంచుకున్న చోటు స్నానాలగదిలో కలిపేశాను. మళ్ళీ ముగ్గు వేశాం. నాయనమ్మ లోపలికి పోయి, చుట్టూ తిరిగి, బయటికి వచ్చి, "ఇదీ ఇల్లంటే!" అన్నది. ఆ కొలతలతోనే ఇల్లు కట్టాం. ఇప్పుడామె స్నానానికి ఎవర్నీ పిలవటం లేదు. నా పుస్తకాలు మాత్రం మంచం కింద ఉన్నై.

పిల్లలూ, ఇక మీకొక పని. టేపు తీసుకుని మీ ఇంట్లో ఒక గది కొలవండి. గోడల మందం, తలుపుల వెడల్పు మరిచిపోవద్దు. గడుల కాగితం మీద గడికి ఒక అడుగు చొప్పున గీయండి. కంప్యూటరు అందుబాటులో ఉంటే తరవాత అందులో గీయవచ్చు. బొమ్మ పూర్తికాగానే మీ ఇంట్లో అందరికన్నా పెద్దవారికీ, అందరికన్నా చిన్నవారికీ చూపించి, "ఇందులో మీకేం ఇబ్బంది?" అని అడగండి. వారు చెప్పేది ఏ ప్రోగ్రాములోనూ దొరకదు.