చదివింపుల పుస్తకంలో చెరిగిన ఇంటిపేర్లు



మా సంఘం బీరువాలో ఒక పాత చదివింపుల పుస్తకం ఉంది. తమిళంలో మొయ్ నోటు అంటారే, అదే. మా తాతల కాలం నాటి పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో తెలుగులో, నీలి సిరాతో రాసిపెట్టారు. వాననీళ్లు దిగి సిరా వెలిసిపోయింది, కాగితం పసుపుపచ్చగా తిరిగింది.

మాకు కావలసింది డబ్బు లెక్క కాదు, ఇంటిపేర్లు. ఈ తమిళనాట తండ్రి పేరులో మొదటి అక్షరమే మనకు ఇనిషియల్. బడి రిజిస్టరులో ఎక్కని ఇంటిపేరు కొన్ని ఇళ్లలో నోటి నుంచీ పోయింది. సంబంధం మాట్లాడేటప్పుడు "మీ ఇంటిపేరేమిటి?" అంటే తల గోక్కుంటున్నాం. మేమూ తమిళ మీడియంలో చదివినవాళ్లమే. తెలుగు అక్షరాలు రిటైరయ్యాక నేర్చుకున్నాం. చదవడం వచ్చేసరికి పేజీ మీద సిరా లేదు.

సంఘం కంప్యూటరులో ఉన్నది ఉబుంటు లినక్స్. మా మనవరాలు ఇమేజ్‌జే పెట్టుకోమంది. అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో వేన్ రాస్‌బాండ్ 1997లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శిని ఫోటోల్లో కణాలు లెక్కపెట్టడానికి వాడతారు.

టెర్మినల్ తెరిచి 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఇమేజ్‌జే' అని ఇంగ్లీషులో కొట్టాం. పాస్‌వర్డ్ అడిగింది. కొడుతుంటే ఒక్క చుక్కా కనిపించలేదు. కీబోర్డు పాడయిందనుకున్నాం. "అది కనిపించదు తాతా, కొట్టి ఎంటర్ నొక్కు" అంది. నొక్కితే, అలాంటి ప్యాకేజీ లేదంది. చివరి జే అక్షరాన్ని పెద్దదిగా కొట్టామట! రైల్వేలో తిరుచ్చి కోడ్ టీపీజే. అందులో ఒక అక్షరం తప్పితే పార్సెల్ ఇంకో ఊరు పోతుంది. ఇక్కడా అంతే. అన్నీ చిన్నక్షరాల్లో కొట్టాక జావాతో సహా దిగింది.

పగటి వెలుతురులో ఫోనుతో పేజీలు ఫోటో తీశాం. ఇమేజ్ మెనూలో కలర్, అందులో స్ప్లిట్ ఛానల్స్ నొక్కితే ఫోటో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడుగా విడిపోయింది. ఎరుపు భాగంలో పసుపు మరక తెల్లబడింది, నీలి సిరా నల్లబడింది. ఆపైన కాంట్రాస్ట్ పెంచాం. అక్షరాలు ఒక్కొక్కటే లేచి వచ్చాయి. 15 వరుసల్లో 11 ఇంటిపేర్లు చదివాం.

మా తాత వరుస కూడా తెలిసింది. పేరు స్పష్టంగా ఉంది. ఇంటిపేరులో మాత్రం చివరి 'పల్లి' ఒకటే మిగిలింది. ముందు భాగం పురుగు తినేసింది. "ఏదో ఒక పల్లి రాసేద్దాం, ఎవరు అడుగుతారు?" అన్నాడు మిత్రుడొకడు. వేబిల్లులో చెరిగిన అంకెను మేమెప్పుడూ ఊహించి రాయలేదు. ఇక్కడా చుక్కలే పెట్టాం.

కాగితం మీద కాస్తయినా మిగిలి ఉంటేనే ఏ సాఫ్ట్‌వేరైనా చూపిస్తుంది. మీ ఇంటి అటక మీద ఇలాంటి పుస్తకం ఉంటే పాతపేపర్లవాడికి వేయకండి. ఈ ఆదివారమే దించి ఫోటో తీయండి. అందులో మా 'పల్లి' ముందు అక్షరాలు కనిపిస్తే ఒక్క మాట చెప్పండి.