ఆటలో అరటిపండు

2019 ఆగస్టు 30న రొమేనియాలో ఓ క్రికెట్ మ్యాచ్ జరిగింది. మీరు సరిగ్గానే చదివారు, రొమేనియాలోనే. బుకారెస్ట్ కి ఉత్తరాన మోరా వ్లాసియే అనే చోట వాళ్ళకో గ్రౌండుంది. చెక్ రిపబ్లిక్ ఇరవై ఓవర్లలో నాలుగు వికెట్లకి 278 కొట్టింది. టర్కీ 21కి ఆలౌటు. నేను ముందు 121 ని తప్పుగా కొట్టారేమో అనుకున్నా. కాదు, ఇరవై ఒకటే.

అక్కడితో ఊరుకుంటే నవ్వుకుని వదిలేసేవాణ్ణి. చెక్ జట్టులో సుదేశ్ విక్రమశేఖర అనే ఆయన 35 బంతుల్లో సెంచరీ చేసాడు. 2017 డిసెంబర్లో ఇండోర్లో శ్రీలంక మీద మన రోహిత్ శర్మ చేసింది కూడా సరిగ్గా 35 బంతుల్లోనే! రికార్డుల పట్టికలో ఇద్దరూ పక్కపక్కన. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజు ఆఫీసు క్యాంటీన్లో టీ చల్లారిపోయేదాకా వాదించాను, గల్లీ మ్యాచ్ కి ఇంటర్నేషనల్ ముద్ర ఏంటని. ఆ ముద్ర వేసింది ఐసీసీయే. 2019 జనవరి 1 నుంచి సభ్యదేశాల జట్లు ఏ రెండు టీ20 ఆడుకున్నా అది అంతర్జాతీయ మ్యాచే.

ఆ టోర్నమెంటు పేరు కాంటినెంటల్ కప్. నాలుగు రోజులు, ఐదు జట్లు: రొమేనియా, ఆస్ట్రియా, చెక్ రిపబ్లిక్, లక్సెంబర్గ్, టర్కీ. కోపంతోనే మిగతా స్కోరుకార్డులు కూడా తిరగేసాను. రొమేనియా మీద టర్కీ 53. లక్సెంబర్గ్ మీద 28. ఆస్ట్రియా మీద 32. నాలుగూ కలిపితే 134, చెక్ వాళ్ళ ఒక్క ఇన్నింగ్స్ లో సగం కూడా కాదు.

పరుగులు అయిపోయాక (ఎన్నున్నాయి కనక) పేర్లు చదవడం మొదలెట్టాను. రొమేనియాకి టర్కీ మీద 105 నాటౌట్ చేసినాయన శివకుమార్ పెరియాళ్వార్, తమిళనాడు నుంచి ఉద్యోగానికి అక్కడికెళ్ళినవాడు. చెక్ జట్టులోనూ చాలావరకు మనవైపు పేర్లే, మన దేశమో పక్క దేశాలో. తప్పేం లేదు. ఆ దేశంలో పుట్టినా, పౌరసత్వం ఉన్నా, మూడేళ్ళుగా అక్కడ ఉంటున్నా ఆడొచ్చని రూలు. టర్కీ జట్టులో మాత్రం టర్కీ పేర్లు కనిపించాయి. అందులో ఓస్మాన్ గ్యోకర్ అనే ఆయన వయసు 59 ఏళ్ళ 181 రోజులు. మొదటి అంతర్జాతీయ మ్యాచ్! మగవాళ్ళ టీ20ల్లో అప్పటికి అంత వయసులో మొదలెట్టినవాళ్ళు లేరు.

పేరు చూసి మనిషి ఏ దేశం వాడో తేల్చెయ్యడం తప్పేననుకోండి. అయినా ఆ కార్డు చూస్తుంటే నాకు ఇంకో గ్రౌండు గుర్తొచ్చింది. నిజానికి అది గ్రౌండు కాదు, పార్కు.

2008లో ఆన్‌సైట్ కని నన్ను ప్రాగ్ పంపారు. శనివారాలు లెత్నా పార్కులో టెన్నిస్ బంతితో ఆడేవాళ్ళం. మనవాళ్ళు ఆరేడుగురు, ఇద్దరు లాహోర్ వాళ్ళు, ఓ శ్రీలంక అబ్బాయి. మా టీములో ఓ చెక్ కుర్రాడుండేవాడు. నేనూ వస్తానన్నాడు ఓ రోజు. రమ్మన్నాం. చిన్నప్పుడు బేస్‌బాల్ ఆడాట్ట, త్రో విసిరితే వికెట్ల దగ్గరున్నవాడు చేతులు దులుపుకోవాల్సిందే. బ్యాటు మాత్రం భుజం మీదకెత్తి పట్టుకునేవాడు. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం.

వాణ్ణి బౌండరీ దగ్గర నిలబెట్టాం. అన్ని వారాలూ అక్కడే. బౌలింగ్ ఇవ్వలేదు ("వైడ్లేస్తాడ్రా బాబూ"). బ్యాటింగ్ ఆఖర్న, అప్పటికి ఓవర్లైపోయేవి. రనౌట్ దగ్గర గొడవొస్తే అందరం హిందీలోకి, అదీ చాలకపోతే నేనూ మా విజయవాడ వాడూ తెలుగులోకి దిగిపోయేవాళ్ళం. వాడు దూరం నుంచి నడిచొచ్చి, కాసేపు నిలబడి, మళ్ళీ నడిచెళ్ళిపోయేవాడు. అయిదో వారం నుంచి రాలేదు. ఎందుకు రావట్లేదని మాలో ఒక్కడూ అడగలేదు. ఒకడు తగ్గాడు, జట్లు సమానమయ్యాయి అనుకున్నాం, అంతే. సోమవారం ఆఫీసులో మాత్రం ఎవరు గెలిచారని వాడే అడిగేవాడు.

నేను చిన్నప్పుడు మా వీధిలో ఆటలో అరటిపండునే. అన్నయ్య స్నేహితులు బంతి తెమ్మంటే పరిగెత్తుకెళ్ళి తెచ్చేవాణ్ణి. ఆ ఏడుపు నాకు బాగా తెలుసు. తెలిసీ అదే చేసాను.

మనవాళ్ళు లేకపోతే యూరప్ లో చాలాచోట్ల క్రికెట్టే ఉండదు, ఒప్పుకుంటాను. కానీ నన్నడిగితే ఇలాంటి టోర్నమెంట్లలో పదకొండు మందిలో ముగ్గురైనా ఆ దేశంలోనే ఆట నేర్చుకున్నవాళ్ళుండాలని రూలు పెట్టాలి. వలసెళ్ళినవాళ్ళ పిల్లలైనా సరే. లేకపోతే లెత్నా పార్కుకి జెండా తగిలించినట్టే ఉంటుంది.

రోహిత్ బాధ నాకు తర్వాత తీరిపోయింది లెండి. 2024 జూన్ లో ఎస్టోనియా తరఫున సాహిల్ చౌహాన్ సైప్రస్ మీద 27 బంతుల్లో కొట్టేసాడు. 2025 జూలైలో సోఫియాలో బల్గేరియా మీద 29 బంతుల్లో సెంచరీ చేసిన ముహమ్మద్ ఫహద్ ఆడింది ఏ దేశానికో తెలుసా? టర్కీకి! ఆ 21 రికార్డు కూడా వాళ్ళకి మిగల్లేదు. 2023 ఫిబ్రవరిలో స్పెయిన్ మీద ఐల్ ఆఫ్ మాన్ పదికే ఆలౌటయింది. స్పెయిన్ ఆ పదినీ రెండు బంతుల్లో దాటేసింది.

2019లో ఆ చెక్ కుర్రాడికి (ఇప్పుడు కుర్రాడేం కాదు, నాలాగే జుట్టు పల్చబడింది) ఆ స్కోరుకార్డు లింకు పంపాను. మీ దేశం 278 కొట్టింది చూడు, అభినందనలు అని. పదకొండేళ్ళలో నేను రాసిన మొదటి మెయిలు. రెండ్రోజులకి జవాబొచ్చింది. 278 గురించి ఏమీ లేదు. టర్కీ వాళ్ళ స్కోరు చూసినట్టున్నాడు, "పోనీలే, వాళ్ళందరికీ బ్యాటింగ్ వచ్చింది కదా" అని రాసి పక్కన ఓ స్మైలీ పెట్టాడు.